ఇనుముకూ ఇనుముకూ మధ్య: గ్యాస్కెట్టు కథ



ఆయిలింజను వున్న యింట్లో యీ మాట వినని వారుండరు: "హెడ్డు ప్యాకింగు కొట్టేసింది." చేను బెట్టకు వచ్చిన రోజునే, అదీ సాయంకాలం పూటనే కొట్టేస్తుంది. టవునుకు పోయి మెకానిక్కును పిలుచుకు రావాలంటే ఒక రోజు పోతుంది. అతడు యింకొక పనిలో వుంటే రెండు రోజులు. అంచేత మన రైతులు చాలామంది ఆ పని తామే నేర్చుకున్నారు. గట్టు మీద గోనెపట్టా పరచి, నట్లు విప్పి, హెడ్డు యెత్తి, పాత ప్యాకింగు గీకి, కొత్తది వేసి, రాత్రికి రాత్రే మళ్లీ నీళ్లు పారించినవాళ్లు వున్నారు. ఆ నేర్పును నేను తక్కువ చేసి మాట్లాడను. అయితే ఆ పనిలో ఒక మెట్టు దగ్గర, అంటే పాత ప్యాకింగును గీకే దగ్గర, మన పెద్దల నాటి పద్ధతిని మార్చుకోవలసి వున్నది. యెందుకు మార్చుకోవాలో తెలియాలంటే ఆ ప్యాకింగు యెక్కడనుంచి వచ్చిందో తెలియాలి. అది మూడు వందల యేళ్ల కథ.

ముందు దాని పని యేమిటో చూద్దాం. రెండు ఇనుప ముఖాలను యెంత నున్నగా చెక్కి, యెంత గట్టిగా బిగించినా, మధ్యన కంటికి కనపడని సందులు వుంటాయి. నీరు, నూనె, ఆవిరి, మంట ఆ సందులనే వెతుక్కుంటాయి. మధ్యన మెత్తని వస్తువు ఒకటి పెట్టి బిగిస్తే అది నలిగి, ఆ సందులలోకి దూరి కూర్చుంటుంది. ఇనుము వంగదు గనుక వంగే దానిని మధ్యన పెడతాము. గ్యాస్కెట్టు అంటే అంతే.

ఈ తెలివి మనకు కొత్త కాదు. కుండ మీద మూకుడు బోర్లించి, అంచు చుట్టూ పిండి మెత్తి ఆవిరి పోకుండా చేసే ఆడవాళ్లకు గ్యాస్కెట్టు సంగతి తెలుసు. మద్రాసుకు రేవు కట్టకముందు, ఒడ్డుకు రాలేని ఓడల నుంచి సరుకును అలల మీదుగా దించినవి మసులా పడవలు. ఆ పడవలో ఒక ఇనుప మేకు వుండదు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టి, కుట్టు కింద యెండుగడ్డిని, పీచును ఒత్తుగా కూరేవారు. అల కొట్టినప్పుడు పలక కదులుతుంది, కూరిన గడ్డి దానితోపాటు కదులుతుంది, నీరు మాత్రం లోనికి రాదు. మేకు కొట్టిన పడవ ఆ అలలలో చీలిపోయేది. మోట అనండి, కపిల అనండి, ఆ తోలు తిత్తికి నూనె పట్టించి మెత్తగా వుంచుకోవడం కూడా యీ జాతి పనే.

ఇక యంత్రాల వైపు వద్దాం. 1712లో ఇంగ్లండులో థామస్ న్యూకామెన్ అనే ఇనుప సామాన్ల వర్తకుడు గనులలోని నీటిని తోడే ఆవిరి యంత్రాన్ని నిలబెట్టినాడు. అప్పటి సిలిండర్లు సరిగా గుండ్రంగా వుండేవి కావు. పిస్టను చుట్టూ తోలు వేసి, దాని నెత్తిన కొన్ని నీళ్లు నిలిపి, సందు మూసేవాడు. చేతిపంపులో తోలు వాషరు యెట్లా పనిచేస్తుందో అట్లాగే.

తరువాత వచ్చినవాడు జేమ్స్ వాట్. 1769లో అతనికి పేటెంటు దొరికింది గాని యంత్రం సరిగా నడవడానికి యింకా కొన్ని యేళ్లు పట్టింది. అడ్డం వచ్చినది గొప్ప శాస్త్రసమస్య కాదు, సందు. న్యూకామెన్ లాగ పిస్టను నెత్తిన నీళ్లు పోస్తే సిలిండరు చల్లబడిపోతుంది, అది యితనికి పనికిరాదు. అందుకని దొరికినదల్లా కూరి చూచినాడు: నార, నూనె గుడ్డలు, బెండు, కాగితం, పాత టోపీలు, చివరకు గుర్రపు పేడ కూడా. ఇది చదివినప్పుడు నాకు మన పల్లెటూళ్ల రిపేర్లే గుర్తుకు వచ్చినవి. సైకిలు ట్యూబు ముక్క, సిమెంటు సంచి కాగితం, సబ్బు ముక్క, యేది చేతికి దొరికితే అది పెట్టే మనవాళ్లకూ అంతటి వాట్‌కూ ఆ రోజున తేడా లేదు.

అతణ్ణి గట్టెక్కించినవాడు జాన్ విల్కిన్సన్. 1774లో ఫిరంగి గొట్టాలను తొలిచే యంత్రాన్ని అతడు తయారుచేసినాడు. ఆ పద్ధతిని సిలిండర్లకు వాడితే, యాభై అంగుళాల వ్యాసం గల సిలిండరులో పాత షిల్లింగు నాణెం మందమంత తేడా కూడా రాలేదని వాట్ భాగస్వామి బోల్టన్ సంతోషించినాడు. ఇప్పటి లెక్కలో అది పెద్ద సందే. అయినా జనుప నారను పశువుల కొవ్వులో నాన్చి కూరితే ఆ సందు మూసుకుపోయేది. అట్లా పేనిన నార ముక్కనే గ్యాస్కెట్టు అన్నారు. అంతకుముందే ఆ మాట ఓడలలో వుండేది. చుట్టిన తెరచాపను కట్టే తాడుకు అది పేరు. మన మెకానిక్కులు మాత్రం దేనినైనా ప్యాకింగనే అంటారు. కూరడం అన్న అర్థంతో చూస్తే వాళ్ల మాటే పాతది.

నారా కొవ్వూ ఆవిరి వేడికి కొంతవరకు తట్టుకున్నాయి. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి రబ్బరును కాచే పద్ధతికి 1844లో పేటెంటు తీసుకున్నాక నీటి గొట్టాలకు, పంపులకు రబ్బరు వాషర్లు వచ్చినవి. కాని సిలిండరు లోపలనే మంట పెట్టే ఇంజన్లు రావడంతో కథ మారిపోయింది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో తన ఇంజనును సక్రమంగా నడిపి చూపినాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో అట్టి ఇంజను ఒకటి మన వేరుశెనగ నూనెతో నడిచింది. అక్కడ చూసినవాళ్లలో చాలామందికి అది యే నూనో కూడా తెలియలేదట. రాయలసీమ రైతుకు యీ ముక్క చెప్పకుండా ముందుకు పోలేను.

డీజిలు ఇంజనులో గాలిని పదహారు, పదిహేడింట ఒక వంతుకు నొక్కుతారు. ఆ నొక్కుడికే గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటి కాగుతుంది, దానిలోకి నూనె చిమ్మితే మండుతుంది. ఆ మంట మీద మూతగా కూర్చున్నది హెడ్డు. హెడ్డుకూ సిలిండరుకూ మధ్య వున్నది గ్యాస్కెట్టు. ఒక పక్క మంట, ఒక పక్క చన్నీళ్లు. నార అక్కడ మాడిపోతుంది, రబ్బరు కరిగిపోతుంది.

ఆ సమయానికి పనికివచ్చినది రాతినార, ఆస్బెస్టాస్. భూమిలోనుంచి తవ్వే రాయి, కాని దూదిలాగ పోగులు వస్తుంది, నిప్పులో పడేసినా కాలదు. గ్రీకులకు కూడా తెలిసిన వస్తువు. పందొమ్మిదో శతాబ్దం చివర ఆస్ట్రియాలో రిచర్డ్ క్లింగర్ దానిని రబ్బరుతో కలిపి వత్తి పలకలు చేసినాడు. రెండు రాగి రేకుల మధ్య రాతినార అట్టను పెట్టి ఇంజను హెడ్డుకు గ్యాస్కెట్లు చేసినారు. మెత్తగా నలుగుతుంది, వేడికి చెదరదు, ధర తక్కువ. ఇంతకంటె యేమి కావాలి?

మన దగ్గర కూడా దీనికి కొరత లేకపోయింది. కడప జిల్లా పులివెందుల ప్రాంతపు రాళ్లలో తెల్ల రాతినార దొరుకుతుంది. దానిని చాలా కాలం తవ్వినారు. ఆ రాళ్ల పక్క వూళ్లలోనే పుట్టి పెరిగినవాణ్ణి నేను. అది యే సామానులో కలిసి యెక్కడికి పోతుందో మా వూళ్లో యెవరికీ పట్టింపు లేదు.

ఇంజను మన బావుల మీదకు వచ్చిన తీరు రెండు మాటల్లో చెబుతాను. 1900 తరువాతి తొలి యేళ్లలో మద్రాసు ఇంజనీరింగు కళాశాల ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ చెంగల్పట్టు జిల్లాలో ఆయిలింజనుతో బావి నీరు తోడించి, మద్రాసు రాజధానిలోని రైతులకు దాని లెక్కలు చూపినాడు. 1930 ప్రాంతంలో ఇంగ్లండులోని డర్స్‌లీ వూరి నుంచి లిస్టరు కంపెనీ వారి నిదానపు డీజిలు ఇంజను వచ్చింది. నిమిషానికి 600, 650 చుట్లే తిరుగుతుంది, కాని తరతరాలు తిరుగుతుంది. 1946లో పూనా దగ్గర ఖడ్కీలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలయింది. స్వాతంత్ర్యం తరువాత రాజ్‌కోట్ చిన్న కార్ఖానాలవారు లిస్టరు పోలికతోనే వేలకు వేలు ఇంజన్లు పోతపోసినారు. కరెంటు మోటార్లు వచ్చాక ఇంజను చాలా బావుల మీద నుంచి దిగిపోయింది. అయినా కాలువ గట్ల మీద, కౌలు చేలల్లో, కరెంటు రాని కొసభూములలో అది యింకా కొట్టుకుంటూనే వున్నది. ట్రాక్టరుకూ, పవర్ టిల్లరుకూ హెడ్డూ గ్యాస్కెట్టూ యెట్లాగూ వున్నాయి గదా.

మా జేజినాయన దగ్గర లిస్టరు జాతి ఇంజను ఒకటి వుండేది. ప్యాకింగు మార్చే రోజున లాంతరు పట్టుకోవడం నా పని. ఆయన హెడ్డు యెత్తి, అంటుకుపోయిన పాత ముక్కలను ఉలితో లేపి, ఆకురాయితో రుద్ది, ఉప్పుకాగితంతో నునుపు చేసి, నోటితో "వుఫ్" మని ఊదేవాడు. ఆ బూడిదరంగు దుమ్ము లాంతరు వెలుగులో తేలుతూ వుంటే నేను చేతితో ఆడుకునేవాణ్ణి. ఒకసారి ఆయన ఒక ప్యాకింగు ఆగడం లేదని రెండు వేసి బిగించినాడు. తెల్లవారి నలుగురు మగవాళ్లు హ్యాండిలు తిప్పి తిప్పి చేతులు పుళ్లు చేసుకున్నారు గాని ఇంజను అంటుకోలేదు. గ్యాస్కెట్టు మందం పెరిగితే పిస్టనుకూ హెడ్డుకూ మధ్య యెడం పెరుగుతుంది, గాలి చాలినంత నలగదు, వేడెక్కదు, నూనె మండదు. ఆయనకు ఆ సూత్రం యెవరూ చెప్పలేదు. దుమ్ము సంగతీ యెవరూ చెప్పలేదు.

చెప్పవలసినవాళ్లకు అప్పటికే తెలుసు. ఇంగ్లండులో రాచ్‌డేల్ రాతినార మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా అనే కార్మికురాలు 1924లో వూపిరితిత్తులు గట్టిపడి చనిపోయింది. డాక్టరు కుక్ ఆమె వూపిరితిత్తులలో రాతినార రేణువులను చూచి, అదే యేడు వైద్య పత్రికలో రాసినాడు. 1930లో మెరివెదర్, ప్రైస్ అనే వారిద్దరు మిల్లు కార్మికులను పరీక్షించి ప్రభుత్వానికి నివేదిక యిచ్చినారు. 1931లో అక్కడ దుమ్ము అదుపు నిబంధనలు వచ్చినవి. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్, అతని తోటివారు గనుల చుట్టుపక్కల 33 మందికి వూపిరితిత్తుల పొరలో అరుదైన పుట్టకురుపు వచ్చిన సంగతి ప్రకటించినారు. వాళ్లలో కొందరు గనిలో దిగినవారు కూడా కారు, ఆ పక్కన కాపురమున్నవారు. మన దేశంలో 1986లో కొత్త రాతినార గనులకు అనుమతి యివ్వడం ఆపినారు. 1995 జనవరిలో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్యం వారి జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పి, వారికి వైద్యపరీక్షలు, నష్టపరిహారం వుండాలన్నది.

ఈ రోగపు చిక్కంతా దాని ఆలస్యంలో వున్నది. పురుగుమందు పడకపోతే సాయంత్రానికే కళ్లు తిరుగుతాయి, మనం భయపడతాము. రాతినార పోగు తలవెంట్రుక కంటె యెన్నో రెట్లు సన్నం. వూపిరితిత్తిలో దిగి అక్కడే వుండిపోతుంది. యిరవై, ముప్పై, ఒక్కొక్కప్పుడు నలభై యేళ్లకు బయటపడుతుంది. అప్పటికి ఇంజను అమ్మేసి వుంటాము. నిజమే, రోజూ ఆ దుమ్ములో పనిచేసినవారికి వున్నంత ముప్పు, యేడాదికి ఒకసారి ప్యాకింగు మార్చే రైతుకు వుండదు. కాని యింత వరకైతే ఫరవాలేదు అని గీత గీసి చెప్పగల హద్దు లేదు. పైగా మన పక్కన లాంతరు పట్టుకునేది పిల్లలు.

ఇప్పుడు గ్యాస్కెట్లను అరమిడ్ నారతోను, గ్రాఫైటుతోను, పొరలు పొరలుగా పేర్చిన ఉక్కు రేకులతోను చేస్తున్నారు. కొనేటప్పుడు రాతినార లేనిదే యివ్వమని అడగండి. మన దేశంలో తెల్ల రాతినార వాడకం పూర్తిగా నిషేధం కాలేదు గనుక అడగడం అవసరం. అయినా మీరు గీకబోయేది కొత్తది కాదు, పాతది. దానిలో యేమున్నదో చూపుతో తేల్చలేము. అందుకని పాత ఇంజను మీద బూడిదరంగు ప్యాకింగు కనబడితే రాతినార అనే అనుకొని పనిచేయాలి.

పోయిన వేసవిలో ఒక వూళ్లో చెరువు కింద మడి దగ్గర ఒక రైతు కరెంటు గ్రైండరుకు తీగల బ్రష్షు బిగించి హెడ్డును రుద్దుతున్నాడు. దుమ్ము మేఘంలాగ లేస్తున్నది. కూతురు, యేడెనిమిదేళ్ల పిల్ల, నట్లు లెక్కపెట్టి గిన్నెలో వేస్తున్నది.

"అన్నా, ముందు అది ఆపు. పాపను అవతలకు పంపు," అన్నాను.

"యేంది సార్, దుమ్ముకే భయపడితే సేద్యం యెట్ల చేస్తాం?" అన్నాడాయన.

"ఇది మన మట్టి దుమ్ము కాదన్నా, రాయి పోగు. ఒక చెంబు నీళ్లు తెప్పించు."

ఆయన నవ్వినాడు గాని చెంబు తెప్పించినాడు. నీళ్లలో కొంచెం సబ్బు కలిపి ఆ ముక్కల మీద పోసి పావుగంట నాననిచ్చినాము. తరువాత వెదురు బద్దతోను, యిత్తడి రేకుతోను మెల్లగా లేపితే ముద్దలు ముద్దలుగా వచ్చింది. ఆరుతున్న చోట మళ్లీ తడిపినాము. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను, ముక్కలను ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని యింకొక సంచిలో పెట్టి మూతి కట్టినాము. గ్రైండరుతో పది నిమిషాల పని, యిట్లా గంట పట్టింది. అంతకంటె యెక్కువ ఖర్చు యేమీ లేదు.

ఈ పద్ధతిలో మరచిపోకూడనివి కొన్ని వున్నాయి. పొడిగా గీకవద్దు, రుద్దవద్దు, నోటితో గాని గాలిపంపుతో గాని ఊదవద్దు. కల్లం దగ్గర, వంటింటి వసారాలో యీ పని పెట్టుకోవద్దు. తువ్వాలు మూతికి చుట్టుకుంటే ఆ పోగులు ఆగవు, కాబట్టి తడే మనకు ప్రధాన రక్ష. పని అయ్యాక ఆ బట్టలను దులపకుండా నీళ్లలో వేయాలి, తక్కిన బట్టలతో కలపరాదు. కట్టిన సంచిని నిప్పులో వేస్తే కాలేది ప్లాస్టిక్కే, రాతినార అట్లాగే మిగులుతుంది. దున్నని చోట, పిల్లలు తవ్వని చోట లోతుగా పూడ్చండి. రాగి రేకు వున్న పాత గ్యాస్కెట్టును నిప్పులో కాల్చి మళ్లీ వేసే అలవాటు కొందరిలో వున్నది. ఇంజెక్టరు కింద వుండే వట్టి రాగి వాషరును యెర్రగా కాల్చి నీళ్లలో ముంచి మెత్తపరచుకోవచ్చు, అది మంచి పనే. లోపల అట్ట వున్న గ్యాస్కెట్టుకు మాత్రం ఆ వైద్యం వద్దు.

కొత్తది వేసేటప్పుడు సంగతులు మీలో చాలామందికి తెలిసినవే. హెడ్డు వంకర పోయిందేమో నిటారు బద్ద ఆనించి చూడండి. నీళ్లతొట్టిలో బుడగలు, తెల్లపొగ, మజ్జిగలాగ మారిన ఇంజను నూనె, యివన్నీ ఒక్కోసారి హెడ్డు వంకర వల్లనే వస్తాయి. అప్పుడు గ్యాస్కెట్టు మార్చి లాభం లేదు, హెడ్డును లేతు పని చేసేవాళ్లకు చూపాలి. బోల్టు రంధ్రాలలో నూనె గాని నీళ్లు గాని నిలిచి వుంటే తుడిచివేయాలి, లేకపోతే బిగించేటప్పుడు దిమ్మె చీలవచ్చు.

పక్క మూతలకు, పంపు మూతలకు కాగితపు ప్యాకింగు యింట్లోనే చేసుకోవచ్చు. మూత అంచుకు కొంచెం నూనె రాసి మందపాటి కాగితం మీద అద్దితే అచ్చు పడుతుంది, కత్తెరతో కత్తిరించడమే. దానికి షెల్లాకు రాస్తారు గదా, ఆ షెల్లాకు మన లక్కే. మోదుగ, రేగు కొమ్మల మీద పురుగు పెట్టిన లక్క దేశాలు తిరిగి డబ్బాలో మళ్లీ మన ఇంజనుకు వచ్చింది. ఇప్పుడు ట్యూబులలో సిలికోను వస్తున్నది. సన్నగా దారంలాగ వేస్తే చాలు. మనవాళ్లు పండ్లపొడి పేస్టులాగ పులుముతారు. యెక్కువయినది లోపలికి ఒత్తుకుపోయి తెగి, నూనె దారులకు అడ్డం పడుతుంది. దానిని హెడ్డు గ్యాస్కెట్టుకు బదులుగా వేసే సాహసం యెవరూ చేయవద్దు.

బిగించేటప్పుడు ఒక నట్టును పూర్తిగా బిగించి రెండోదానికి పోకూడదు. ఎదురెదురుగా, మూలకు మూల, కొంచెం కొంచెంగా మూడు తడవలు తిరగాలి. యెంత బిగువో ఇంజను పుస్తకంలో వుంటుంది. స్పానరుకు గొట్టం తొడిగి యెగిరి వేలాడడం బిగువు కాదు, స్టడ్డు తెంచడం.

చెరువు కింద ఆ రైతు అట్లాగే మూడు తడవలు బిగించి, ఇంజను కాగినదాకా నడిపి, చల్లారినాక పుస్తకంలో చెప్పిన ప్రకారం యింకొకసారి నట్లు చూచుకున్నాడు. తొట్టిలో బుడగలు ఆగినవి. వారం తరువాత ఫోను చేసి, పక్క పొలంవాళ్ల ఇంజను హెడ్డు కూడా విప్పుతున్నారు సార్, ఆ సబ్బు నీళ్లు యెంతసేపు నాననివ్వాలో వాళ్లకు ఒక మాట చెప్పండి అని ఫోను వాళ్ల చేతికిచ్చినాడు. పావుగంట, ఆరితే మళ్లీ తడపండి అని చెప్పినాను.